పాన్‌కార్డు మీద నక్షత్రం

బాగ్‌బేరా రైల్వే కాలనీ,
జంషెడ్‌పూర్,
5 జూన్ 2024

అత్తకు నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ నేను కుశలం కాదని ఒక బ్యాంకు రోజుకు నాలుగుసార్లు ఫోను చేసి మరీ చెబుతోంది. అందుకే సగం కొట్టేశాను, మిగతా సగం నీకు వదిలేశాను. ఫోను చేద్దామంటే నీకు సరిగా వినబడదు. నువ్వు "ఏటీ? ఏటీ?" అని అరిస్తే ఇక్కడ పక్క క్వార్టరు వాళ్ళు తలుపులు తీస్తారు. పైగా ముప్పై రెండేళ్ళు బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసినదానివి, కాగితం మీద ఉన్నదే మాట అని నాకు నేర్పింది నువ్వే.

సంగతేమిటంటే, నా పేరు మీద ఒక క్రెడిట్ కార్డు ఉందట. నేను అడగలేదు, చూడలేదు, ముట్టుకోలేదు. ఫిబ్రవరిలో పుట్టిందట. మార్చిలో దాని మీద పట్టుచీరలు కొన్నారట, వెండి కొట్టుకు వెళ్ళారట, ఫంక్షన్ హాలు తీసుకున్నారట, వంటవాళ్ళకు ఇచ్చారట. ఫోనులో ఆ అమ్మాయి చదువుతుంటే నాకు శుభలేఖ వింటున్నట్టే ఉంది. నాకు కాని పెళ్ళి నా పేరు మీద ఎవరికో అయిపోయింది అత్తా. సొమ్మొకడిది, సోకొకడిది. కనీసం భోజనానికైనా పిలిస్తే వెళ్ళి అక్షింతలు వేసి వచ్చేదాన్ని.

"అది నేను కాదమ్మా" అన్నాను. "మీ కాగితాలే మేడమ్, మీ ఫొటోయే మేడమ్, మీ అమ్మగారి పుట్టింటి పేరు కూడా సరిగ్గా చెప్పారు మేడమ్" అంది. కార్డు ఏ అడ్రసుకు పంపారు అని అడిగితే, గోప్యత దృష్ట్యా చెప్పకూడదట. దొంగ గోప్యతకు ఉన్న విలువ నాకు లేదు.

ఇదంతా నవ్వుకోవడానికే అయితే నీకింత ఉత్తరం రాయను. నాన్న జనవరిలో గార్డుగా రిటైరయ్యాక క్వార్టరు సెప్టెంబరు 30లోగా ఖాళీ చేయాలని నీకు తెలుసు కదా. బర్మామైన్స్‌లో సీతారామరావు గారి రెండు గదుల ఫ్లాటుకు బయానా ఇచ్చేశాం. ఆయన సెప్టెంబరు 15 దాకా ఆగుతానన్నారు. నిన్న ఇంటి లోను ఇచ్చేవాళ్ళు నా దరఖాస్తు తిప్పి పంపారు. ఎగవేతదారునట. ప్లాంటు ల్యాబులో ఎనిమిదేళ్ళుగా ఇనుములో మలినాలు లెక్కకట్టే నన్ను పట్టుకుని, నా పేరులోనే మలినం ఉందన్నారు.

ఆఫీసులకు గట్టిగా రాయడం నీకు బాగా వచ్చు. ఎలా రాయాలో చెప్పు. మార్చిలో పైడిబాబు గారి అమ్మాయి పెళ్ళికి వెళ్ళొచ్చి మూడు పేజీలు వంటల గురించే రాశావు కదా, అందులో సగం ఓపిక దీని మీద పెడితే చాలు.

నాన్న బాగున్నారు. పొద్దున్నే లేచి, ఏ రైలూ లేకపోయినా యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటున్నారు.

నీ
హేమ

*

కాశీబుగ్గ,
14 జూన్ 2024

చి. హేమకు మేనత్త సూరమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం ఎనిమిదో రోజుకు అందింది. నేను కుర్చీలో ఉండగా టాటానగర్ సంచి నాలుగో రోజుకు ముంగిట్లో పడేది. ఇప్పుడు అందరికీ కంప్యూటర్లు వచ్చాయి, పని మాత్రం రాలేదు.

చదివి ఒళ్ళు మండిపోయింది. తల్లి లేని పిల్లని చూసి ఆడుకుంటున్నారా! ఇదంతా మీ ఫోన్ల వల్లే. పొద్దున్న లేస్తే జోళ్ళు అందులోనే, కూరలు అందులోనే, ఆఖరికి ఆవకాయ కూడా అందులోనే కొంటారు. వేలు పెట్టమన్న చోటల్లా వేలు పెడతారు, ముఖం చూపించమన్న చోటల్లా చూపిస్తారు. మీ ఊళ్ళో ఏ దేశం వాడు ఎవడో ఎవరికి తెలుసు? ఎవడో హిందీవాడు నీ ఫోనులోంచి లాగేసి ఉంటాడు.

నేను చెప్పినట్టు రాయి. "దయచేసి" అనకు, "వేడుకుంటున్నాను" అసలే అనకు. తేదీ వెయ్యి, సంగతులకు అంకెలు వెయ్యి, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో చెప్పు. రిజిస్టర్డ్ పోస్టులో పంపు, అందినట్టు పచ్చకార్డు తెప్పించుకో. ఆ పచ్చకార్డు నీ దగ్గరుంటే కలెక్టరైనా తప్పించుకోలేడు. ముప్పై రెండేళ్ళలో నా చేతిమీదుగా ఎన్ని లక్షల కవర్లు వెళ్ళాయో! ఒక్క కవరు విప్పింది లేదు, ఒక్క కార్డు చదివింది లేదు. పక్కింటి నరసమ్మ కొడుకు ఉద్యోగం కాగితం వచ్చినా ఆవిడ విప్పేదాకా నేను నోరు విప్పలేదు. ఆ నిజాయితీ ఈ బ్యాంకులకు ఎక్కడినుంచి వస్తుంది!

ఈ గొడవలో పడి మంచి మాట మరచిపోకు. విశాఖలో హరికిరణ్ అని కుర్రాడు, ఓడరేవులో ఇంజనీరు. తాగడు, తిట్టడు. వాళ్ళు నిన్ను చూడ్డానికి ఆగస్టులో వస్తామంటున్నారు. ముప్పై రెండేళ్ళు వచ్చాయి నీకు. నేను ఉద్యోగం చేసినన్ని ఏళ్ళు.

ఇంకొక్క మాట. బ్యాంకువాళ్ళ దగ్గర నీ ఫొటో ఉందన్నావు. అందులో ఏ చీరలో ఉన్నావో ఏమైనా చెప్పారా?

ఆశీస్సులతో,
సూరమ్మ

*

బాగ్‌బేరా,
2 జూలై 2024

అత్తకు,

చీర చిలకపచ్చది. ఎర్ర అంచు. మన ఉజ్వల పెళ్ళిలో నువ్వే కట్టబెట్టినది.

నువ్వు చెప్పినట్టే అంకెలు వేసి రాశాను, పచ్చకార్డు వచ్చింది, దాని వెనకే బిష్టుపూర్ బ్రాంచికి రమ్మని కబురూ వచ్చింది. నా పేరు మీద పెట్టిన దరఖాస్తు చూపించారు. ఫొటోలో నా ఎడమ భుజం మీద నాలుగు వేళ్ళు ఉన్నాయి. మనిషిని కత్తిరించారు గానీ వేళ్ళు మిగిలిపోయాయి. ఒక వేలికి ముత్యపుటుంగరం. నీ కూతురి పెళ్ళిలో నా భుజం మీద చెయ్యి వేసిన ముత్యపుటుంగరాలు ఎన్ని ఉంటాయో నువ్వే చెప్పు.

అసలు వినోదం పాన్‌కార్డు జిరాక్సులో ఉంది. కుడివైపు ఖాళీలో ఎర్ర సిరాతో, ముచ్చటైన గుండ్రటి తెలుగు అక్షరాలలో, "స్వాతి, 2వ పాదం. భారద్వాజస గోత్రం. అమ్మాయి కొంచెం ముక్కుసూటి" అని రాసి ఉంది. సరిగ్గా దాని పక్కనే, ఒరిజినలుతో సరిచూశానని బ్యాంకు అధికారి ముద్ర, సంతకం. దేంతో సరిచూశాడో మరి, పంచాంగంతోనేమో. ఈ దేశంలో జాతకం చూసి కార్డు ఇచ్చిన మొదటి బ్యాంకు ఇదే అనుకుంటాను.

అది పట్టుకుని పోలీసు థానాకు వెళ్ళాను. ఇక్కడ ఏం రాసి ఉందని అడిగాడు హవల్దారు. స్వాతి అని చెప్పాను. "స్వాతి కౌన్ హై? ఉస్‌కో భీ బులాయియే" అన్నాడు. ఆకాశంలో ఉంటుంది, రాదు అన్నాను. నాకే తిక్క ఉందన్నట్టు చూశాడు.

ఇంటికొచ్చి నాన్నను అడిగాను. ఆయన మొక్కలకు నీళ్ళు పోస్తూ, పోసిన మొక్కకే మళ్ళీ పోస్తూ, "అప్ప అడిగింది కదమ్మా. రిటైర్మెంటు ఫంక్షనుకొచ్చినప్పుడు పైలు తీసుకుని జిరాక్సు కొట్టుకెళ్నాది. నాకేటి తెల్సు?" అన్నారు. ఆధారు, పాన్, జీతం చీటీ, అమ్మ పుట్టింటి వివరాలు, అన్నీ నీతో వచ్చాయన్నమాట.

ఆ అక్షరాలు ఎవరివని నేను నిన్ను అడగను. చిన్నప్పుడు నాకు అఆలు దిద్దించిన అక్షరాలు నాకు తెలుసు. ఒక్కటే అడుగుతాను. అవి నీ చేతినుంచి ఎవరి చేతికి వెళ్ళాయి? తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు. అది లేకపోతే బ్యాంకువాళ్ళు "మీ కాగితాలు మీరే ఇచ్చారు, కాబట్టి ఖర్చూ మీదే" అంటున్నారు. థానాలో కూడా అదే అడిగారు. కార్డు విశాఖలో ఒక అద్దెగదికి వెళ్ళిందట, ఆ గదికి ఇప్పుడు తాళం. ఎక్కడెక్కడ వాడారో ఆ కొట్ల జాబితా జతచేశాను, నువ్వూ చూడు.

హేమ

తా.క. నేను ముక్కుసూటి అని బ్యాంకుకు ముందే తెలిసి కూడా కార్డు ఇచ్చారు. ధైర్యవంతులు.

*

కాశీబుగ్గ,
16 జూలై 2024

చి. హేమకు,

నీ ఉత్తరం అందింది. జాబితా కూడా చూశాను.

నేనేదో దొంగతనం చేసినట్టు రాశావు. మీ అమ్మ పోయినప్పుడు నీకు పదకొండేళ్ళు. నీ జడ వేసింది ఎవరు? నీ పరీక్ష ఫీజులు మనియార్డరు కట్టింది ఎవరు? నీకు ఒక ఇల్లు, ఒక మనిషి ఉండాలని ఆశపడితే అది తప్పైపోయిందా?

అవును, పైడిబాబుకే ఇచ్చాను. ఆయన జీడిపప్పు దళారీ అయినా ఈ చుట్టుపక్కల అరవై పెళ్ళిళ్ళు చేయించాడు. మన ఉజ్వలదీ ఆయన చేయించినదే. ఈ రోజుల్లో జీతం అబద్ధాలు చెబుతున్నారని పెళ్ళివారు కాగితం చూపించమంటున్నారు. "ఆడపిల్ల కాగితాలు తాళమేసి పెట్టుకుంటే సమ్మందాలు ఎలాగొత్తాయి సూరమ్మగారూ?" అన్నాడు. నిజమే కదా. పైడిబాబు అలాంటివాడు కాడు. ఆయన దగ్గరినుంచి ఇంకెవరి చేతిలో పడ్డాయో ఏమో.

కాగితం మీద సంతకం మాత్రం పెట్టమనకు. నేనిచ్చిన కాగితాలతో దొంగతనం జరిగిందని నా చేతే పోలీసులకు రాయించుకుంటే ఈ ఊళ్ళో నా ముఖం ఏమవుతుంది? "పోస్టమ్మ" అంటే ఇప్పటికీ లేచి నిలబడేవాళ్ళున్నారు. ఉజ్వల అత్తవారు పైడిబాబుకు దగ్గర చుట్టాలని నీకూ తెలుసు. నీ ఒక్కదాని కోసం ఉజ్వల కాపురంలో నిప్పులు పోయమంటావా?

బ్యాంకులు ఇలాగే బెదిరిస్తాయి. ఇంకో ఉత్తరం రాయి, సర్దుకుంటాయి. హరికిరణ్ వాళ్ళు ఆగస్టు 11న వస్తున్నారు. ఆ చిలకపచ్చ చీర వద్దు, వేరేది కట్టుకో.

సూరమ్మ

*

బాగ్‌బేరా,
13 ఆగస్టు 2024

అత్తకు,

హరికిరణ్ వాళ్ళు రాలేదు. వాళ్ళ మేనమామ ఏదో బ్యాంకులో మేనేజరట. పెళ్ళిచూపులకు ముందే నా క్రెడిట్ స్కోరు చూపులు కానిచ్చారు. అమ్మాయి ఎర్రగా బుర్రగా ఉంది గానీ అప్పులు ఎగ్గొట్టే రకం, మాకు వద్దు అన్నారు. నక్షత్రం కలిసిందట, గోత్రం సరిపోయిందట, స్కోరు దగ్గర తేడా కొట్టింది. పాపం, నువ్వు పాన్‌కార్డు మీద అంత ఓపికగా రాసినది వృథా అయిపోయింది. నాకు ఈ విషయంలో ఒక్క కన్నీటి చుక్క కూడా రాలేదు, నువ్వూ కార్చకు.

ఇక నవ్వు అయిపోయింది అత్తా. మిగతాది విను.

మొన్న శనివారం వసూలువాడు ఇంటికి వచ్చాడు. నేను డ్యూటీలో ఉన్నాను. నాన్న లుంగీలో గుమ్మం దగ్గర నిలబడి ఉంటే, కాలనీ అంతా వినేలా "బేటీ కిధర్ హై అంకల్? శాదీ మే ఖర్చా కియా, అబ్ ఛుప్ గయీ?" అని అరిచాడట. పెళ్ళికి ఖర్చుపెట్టి ఇప్పుడు దాక్కుందా అని. ముప్పై ఆరేళ్ళు గార్డు పని చేసి, రైలు రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆ రెండు నిమిషాలకూ కారణం రాసి సంతకం పెట్టిన మనిషి మా నాన్న. ఆయన వాడికి చేతులు జోడించి, "మేరా గల్తీ హై బాబూ, నేనే ఇచ్చాను, నేనే ఇచ్చాను" అన్నారట. పక్కింటివాళ్ళు చెప్పారు. ఆయన నాకు చెప్పలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. యూనిఫారం ఇస్త్రీ చేసుకోవడం మానేశారు.

నీ మీద నాకు ఇప్పటిదాకా వేళాకోళమే ఉంది. ఆ రోజు మాత్రం నిజంగా కోపం వచ్చింది. ఇంకా పోలేదు.

నా జడ వేశావు, మనియార్డర్లు పంపావు. ఏదీ మరచిపోలేదు. అందుకే నీ కాగితం నీకు చెప్పకుండా నేను ఎవరికీ చూపించను. నువ్వు నాది చూపించావు. ముప్పై రెండేళ్ళు ఊరందరి కవర్లూ విప్పకుండా కాపాడి, ఇంట్లో పిల్ల కవరు విప్పి ఊరంతా పంచిపెట్టావు. అమ్మ పుట్టింటి పేరు నేను పైకి పలికి ఎన్నాళ్ళయిందో. దాన్ని ఎవడో ఫోనులో తాపీగా చెప్పి పట్టుచీరలు కొనుక్కున్నాడు. అది తలచుకుంటే నాకు కడుపు మండుతుంది.

సీతారామరావు గారి గడువు ఇంకా నెలరోజులు. తరవాత ఆయన వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు, మేమిద్దరం సామాను పట్టుకుని రోడ్డు మీద నిలబడతాం. ఇందులో ఒక తెల్లకాగితం, నా అడ్రసు రాసి బిళ్ళ అంటించిన కవరు పెట్టాను. రాస్తే రాయి. రాయకపోతే ఆ కవరు నా దగ్గరికి తిరిగి రాదు, నాకు అర్థమవుతుంది.

హేమ

*

కాశీబుగ్గ,
26 ఆగస్టు 2024

హేమా,

నీ తెల్లకాగితం సరిపోలేదు. మూడు కాగితాలు పట్టాయి. నువ్వు అంటించిన బిళ్ళా సరిపోలేదు, రిజిస్టరు చేసి పంపుతున్నాను.

ముందు నా తప్పు చెబుతాను. మార్చిలో పైడిబాబు కూతురి పెళ్ళికి వెళ్ళాను కదా. వచ్చినవాళ్ళందరికీ వెండి కుంకుమభరిణె ఇచ్చాడు. నాది దేవుడి గూట్లో పెట్టుకున్నాను. నువ్వు కొట్ల జాబితా పంపిన రోజునే ఆ భరిణె తిరగేసి చూశాను. అడుగున ఉన్న కొట్టు ముద్రా, నీ జాబితాలో మూడో పేరూ ఒకటే. ఫంక్షన్ హాలూ అదే. తేదీ కూడా అదే. చూసి కూడా నీకు ఆ ఉత్తరం రాశాను. పైడిబాబు అలాంటివాడు కాడు అని తెలిసి తెలిసి అబద్ధం రాశాను. నీకు కాని పెళ్ళిలో నేను మూడు పూటలా భోంచేశాను తల్లీ. జీడిపప్పు పాకం రెండుసార్లు వడ్డించుకున్నాను. నీకు మూడు పేజీలు రాశాను.

మా తమ్ముడు వాడికి చేతులు జోడించాడని చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే భరిణె కొంగున కట్టుకుని పైడిబాబు ఇంటికి వెళ్ళాను. బల్ల మీద పెట్టి అడిగాను. మొదట నవ్వాడు. తరవాత "పెళ్ళి కర్సు ఎక్కువైపోనాది సూరమ్మగారూ. మీ గుంటది పెద్ద ఉజ్జోగం, దానికేటి లెక్క? జీడి సీజనయ్యేక కట్టీద్దునే" అన్నాడు.

"నా మేనకోడలు ఇనుము పరీక్ష సేత్తాదిరా, నువ్వు పప్పులో పురుగువి" అన్నాను. అనాలనుకున్నది ఇంకా ఉంది గానీ కాగితం మీద పెట్టను.

అక్కడినుంచి నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్ళి వాళ్ళను వెంటబెట్టుకొచ్చాను. గోడ బీరువాలో ఆడపిల్లల కాగితాల కట్ట ఉంది. నలభై మూడు మంది. నా కళ్ళముందే పోలీసులు తీసుకెళ్ళారు. వాంగ్మూలం ఇచ్చాను, సంతకం పెట్టాను, భరిణె అప్పగించి రసీదు తీసుకున్నాను. నకలు ఇందులో ఉంది. బ్యాంకుకు వేరే రాశాను, "దయచేసి" అనలేదు. అదీ చదువు:

"నేను, రిటైర్డు బ్రాంచి పోస్టుమాస్టరు సూరమ్మ, నా మేనకోడలు హేమ కాగితాలను ఆమెకు తెలియకుండా, ఆమెను అడగకుండా, పెళ్ళి సంబంధం కోసం పైడిబాబు అనే వ్యక్తికి ఇచ్చాను. పాన్‌కార్డు జిరాక్సు మీద ఎర్ర సిరా రాత నాది. దాని పక్కన సరిచూశానని సంతకం పెట్టిన మీ అధికారికి తెలుగు రాకపోతే అది అతని లోపం. వస్తే అది ఇంకా పెద్ద లోపం. ఈ ఖర్చుకూ హేమకూ సంబంధం లేదు. పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వవలెను."

ఉజ్వల అత్తగారు ఫోను చేసి ఇక మా గుమ్మం తొక్కకు అంది. ఉజ్వల మాత్రం వెనకనుంచి "నేనే వత్తానమ్మా" అంది, నాకు వినబడింది. బజారులో ఇద్దరు ముఖం తిప్పుకున్నారు. తిప్పుకోనీ.

ఆ నలభై మూడు పేర్లూ అడ్రసులూ పోలీసులను అడిగి రాసుకున్నాను. వాళ్ళందరికీ ఒక్కొక్కరికీ ఉత్తరం రాస్తున్నాను. మీ కాగితాలు మీకు తెలియకుండా మా ఊరు వచ్చాయి, మీ పేరు మీద ఏ కార్డులున్నాయో చూసుకోండి, మీ ఇంట్లో ఎవరిచ్చారో అడగండి, నేను కూడా అలాగే ఇచ్చినదాన్నే అని. ఇప్పటికి పంతొమ్మిది అయ్యాయి. చెయ్యి నొప్పి పెడుతోంది.

మా తమ్ముడితో చెప్పు, తప్పు వాడిది కాదు.

అత్త

*

బాగ్‌బేరా,
20 సెప్టెంబరు 2024

అత్తకు నమస్కారాలు.

నీ కవరు అందినరోజు నాన్న దాన్ని రెండుసార్లు చదివారు. చదివి, "మా అప్ప రాత ఎంత సక్కగుంటాదో సూడు" అన్నారు. అంతే అన్నారు. మర్నాడు పొద్దున్న ఇస్త్రీపెట్టె తీశారు.

బ్యాంకు పదమూడో రోజున జవాబిచ్చింది. ఖాతా మూసేశారట, నా పేరు మీది మచ్చ తుడిచేశారట, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అట. మా నాన్న చేత గుమ్మంలో దండం పెట్టించడాన్ని వాళ్ళ భాషలో అసౌకర్యం అంటారని తెలుసుకున్నాను. అదే కవరులో, నాలాంటి గౌరవనీయ ఖాతాదారులకు కొత్త కార్డు సిద్ధంగా ఉందన్న రంగుకాగితం కూడా పెట్టారు. దాన్ని నాలుగు ముక్కలు చేసి, వాటి వెనక కూరగాయల జాబితా రాసుకున్నాను.

లోను వచ్చింది. సీతారామరావు గారు గడువు దాటినా అయిదు రోజులు ఆగారు, మీ అత్త ఉత్తరం నేనూ చదివానమ్మా అన్నారు. నాన్న ఆయనకు చూపించారట. మీ ఇంట్లో కాగితాలు దాచుకోవడం ఎవరికీ రాదు.

28న సామాను మార్చుతున్నాం. నువ్వు రా. వచ్చేటప్పుడు ఉజ్వలని తీసుకురా. వెండి భరిణెలు మాత్రం తేవద్దు. అల్మారా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, ముందే చెబుతున్నాను. కోపం పూర్తిగా పోయిందని అబద్ధం రాయను, ఇంకా కొంచెం ఉంది. వచ్చి నా జడ వేస్తే అది కూడా పోవచ్చు.

అన్నట్టు, అమ్మ పుట్టింటి పేరు బయటపడిపోయింది కాబట్టి, నా జీతం పడే బ్యాంకులో రహస్యప్రశ్న మార్చుకోమన్నారు. ఒక జాబితా ఇచ్చారు. నేను "మీకు అందరికంటే ఇష్టమైన బంధువు ఎవరు?" అన్నది ఎంచుకున్నాను.

జవాబు ఏం రాశానో నీకు చెప్పను. నీకు తెలిస్తే కాశీబుగ్గ అంతా తెలిసిపోతుంది.

నీ
హేమ